మన సాంచాలు, మన సమాచారము
(ఉగాదికి ముందు జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో కవిగారు పద్యములు చదువుదురు, శాస్త్రిగారు పంచాంగము వినిపించుదురు. ఈ రెండింటి నడుమ మమ్ము ఎందుకు నిలబెట్టినారో మన కార్యదర్శిగారికే తెలియవలెను. మేము మెట్రిక్ వరకు చదివినవారము. పార్సెల్ ఆఫీసులో రసీదులు వ్రాయుట మా పని. "ఏమి చెప్పమంటారండీ?" అని అడిగితే, "మన ఊరి చద్దర్లు మీ కళ్ళ ముందునుంచే గదా పోతున్నవి, వాటి సంగతి చెప్పండి" అన్నారు. కాబట్టి ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు శాస్త్రిగారికి వదలి, మేము ఆ బేళ్ళ సంగతే మనవి చేసెదము.

మన పూర్వభాగములో రాత్రి పది గంటలకు ఒక సాంచె ఆగిపోయినదనుకొందము. ఏదో ముక్క విరిగినది, లేదా జకార్డు తాడు తెగినది. ఏ మారుమూల పల్లెలోనో నాలుగు సాంచాలు పెట్టుకొన్నవాడైతే తెల్లవారు దాక తల పట్టుకొని కూర్చుండవలసినదే. మనవాడు సందు చివరకు పోయి మిస్త్రీని లేపుకొని వచ్చును. మిస్త్రీ వద్ద లేని సామాను పక్క కార్ఖానాలో బదులు దొరకును. నూలుకు రంగు వేయువారు, బీము చుట్టువారు, డిజైను కార్డులు కొట్టువారు, అంచులు కుట్టు ఆడవారు, బేలు కట్టు హమాలీలు, అందరు ఒకరికొకరు కేక వేస్తే వినబడు దూరములో ఉందురు. పదకొండు గంటలకు సాంచె మరల చప్పుడు చేయును. ఈ చప్పుడు లేకుంటే మనలో సగము మందికి నిద్ర పట్టదు.

ఒకే పనివారు ఒకే చోట గుమికూడుట వలన కలుగు లాభములను గురించి ఆల్ఫ్రెడ్ మార్షల్ అను ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త 1890లో అచ్చువేసిన గ్రంథములో వ్రాసినాడట. కాలేజీలో చదువుచున్న మా మేనల్లుడు చెప్పగా విన్నాము. పనితెలిసిన చేతులు వెదుకకుండ దొరకును, అది ఒకటి. ఆ పనికి కావలసిన చిన్న చిన్న పనులవారు చుట్టును చేరుదురు, అది రెండవది. ఇక మూడవది, ఒకరి తెలివి ఒకరికి తెలియకుండనే అందును, పని రహస్యములు రహస్యములుగా నిలువవు. మొదటి రెండును మన సందులో కన్నులార చూచుచున్నాము. మూడవదాని విషయములోనే మాకు సందేహము. పని రహస్యము నిజముగానే అందరికి అందినది. బేరము రహస్యము అందినదా?

మనము ఇక్కడికి చేరిన విధము ఒకసారి తలచుకొందము. 1860లో బొంబాయి వైపు నుండి రైలు సోలాపూరు చేరినది. అప్పటికి మద్రాసు దాక దారి లేదు. రాయచూరు వద్ద రెండు కంపెనీల పట్టాలు కలిసినది 1871లో. నడుమ కొన్నేండ్లు చుట్టుపక్కల సీమల దూది అంతయు బండ్ల మీద మన ఊరికి వచ్చి రైలెక్కినది. అవి అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండిన రోజులు. అక్కడి దూది ఇంగ్లండు చేరక మన దూదికి బంగారపు ధర పలికినది. 1865లో ఆ యుద్ధము ముగియగానే బొంబాయి వ్యాపారము కుప్పకూలినది. ధర ఎక్కినదని, దిగినదని ముందుగా తెలిసినది తంతి ఆఫీసు పక్కన కూర్చున్నవారికి. బండి తోలుకొని వచ్చిన రైతుకు తెలిసినది బజారులో సరుకు దించిన తరువాత.

1876 నుండి 1878 వరకు పెద్ద కరువు. ఆ కరువునకు ముందును తరువాతను నైజాము ఇలాకాలోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపుల నుండి మన పెద్దలు మగ్గము తప్ప వేరు విద్య లేక ఇటు నడిచినారు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు నడక సాగించినది. మనము జూని మిల్లు అని పిలుచునది అదే. మిల్లు నూలు దగ్గర, బజారు దగ్గర, రైలు దగ్గర. వచ్చినవారు ఒకరిని చూచి ఒకరు వచ్చినారు. మా తాత వచ్చినది కూడ అంతే. ఆయన మేనమామ ముందు వచ్చి ఒక చేనేత కార్ఖానాలో కుదిరియున్నాడు, ఆ కబురు ఊరికి చేరినది, తాత సంచి కట్టినాడు. ఒక కబురు మనిషిని మూడు వందల మైళ్ళు నడిపించగలదు.

ఆ మిల్లు గతి పెద్దలకు జ్ఞాపకమే. 1949లో మూతబడగా, 1950లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ఒక చట్టమే చేసి దాని నిర్వహణ తన చేతిలోనికి తీసికొన్నది. వాటాదారులు సుప్రీం కోర్టు దాక పోయినారు. న్యాయవాదులు నేటికిని ఆ తీర్పులు చదువుదురట. వాటా కలవానికి మొరపెట్టుకొన కోర్టు ఉన్నది. సాంచె మీద నిలబడువానికి ఏమున్నదని మేము అడుగబోవునది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పుటకు అనుమతి వేడుచున్నాము.

మా నాయనగారు పద్నాలుగేండ్లు ఒకరి కార్ఖానాలో చద్దర్లు నేసినారు. మేము ఎనిమిదవ తరగతిలో ఉండగా, ఒక సావుకారు అప్పు ఇచ్చుటకు ఒప్పుకొన, పాత సాంచాలు రెండు కొన్నారు. షరతు ఒకటే, నూలు ఆయన వద్దనే తీయవలెను, చద్దరు ఆయనకే వేయవలెను. ఆ యేడు నెమలి డిజైను డబుల్ చద్దరు బాగుగా పోవుచుండినది. మార్షలుగారు చెప్పినట్లే, ఆ డిజైను రహస్యము వారము రోజులు కూడ నిలువలేదు. పక్కింటివారు కార్డులు మార్చినారు, ఎదురింటివారు మార్చినారు, మా నాయనగారును మార్చినారు. సందు సందంతయు నెమళ్ళే. శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవమునకు ఊరిలోని సాంచాలన్నియు ఆగిన నాడు, మా ఇంటిలో చద్దర్లు పైకప్పు దాక ఉండెను. పండుగ దాటగానే ఎత్తుకొని పోవుదురని మా నాయనగారి ధైర్యము.

ఎత్తుకొని పోలేదు. దసరా నాటికి సావుకారు చద్దరు ధర తగ్గించినాడు. నూలు ధర తగ్గించలేదు. దీపావళికి మరల తగ్గించినాడు. సంక్రాంతికి, సిద్ధేశ్వరుని గడ్డ జాతర జరుగుచుండగా, రెండు సాంచాలు పాత ఇనుము లెక్కన తూకము మీద పోయినవి. మా నాయనగారు మరల ఒకరి కార్ఖానాలో నిలబడినారు.

తరువాత కొన్నేండ్లకు, మాకు రైల్వేలో ఉద్యోగము వచ్చిన కొత్తలో, స్టేషనులో పని చేసిన ఒక ముసలి హమాలీ ఇంటికి వచ్చి టీ త్రాగుచు మాటలలో చెప్పినాడు. "గా యేడు ఆ సావుకారి బేళ్ళు గణపతి పండుగకే సగం పడిపోయినయ్. మేము అప్పుడే అనుకున్నం, ఇగ నెమలి పని అయిపోయిందని." మా నాయనగారు కొంతసేపు ఊరకుండి, "ఒక్క మాట చెప్పకపోతివి గదనే" అన్నారు. హమాలీ, "నువ్వు అడగకపోతివి గదా అన్నా" అన్నాడు. ఇద్దరును నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. ఆ బేళ్ళ లెక్క వ్రాసిన బల్ల ముందే మేము ఆ నాటినుండి కూర్చుండుచున్నాము.

సభవారు గమనింపవలసినది ఇది. సందులో అందరికిని తెలిసినది ఒక్కటే, అందరు నెమలి నేయుచున్నారని. అది సమాచారమే, కాని సగము సమాచారము. ఎంత నేయుచున్నారు, ఎంత పోవుచున్నది అను రెండవ సగము సావుకారుకు తెలియును, రైలుకు తెలియును, హమాలీకి తెలియును. సగము తెలిసినవారు వేయిమంది ఒకచోట చేరితే వారి బలము పెరుగుటకు మారుగ, ఒకే గుంటలో వేయిమంది పడుదురు. గుమికూడుట వలన కలిగిన లాభము ఎక్కడికి పోయినది? మిస్త్రీ దగ్గర ఉండుట వలన, కుట్టువారు దగ్గర ఉండుట వలన చద్దరు చౌకగా తయారైనది. ఆ చౌక, రెండు సగములును తెలిసినవాని పెట్టెలోనికి పోయినది. ఆయన చెడ్డవాడని మేము అనము. నూలు ధర ఆయనకు మరొకరు చెప్పుదురు, ఆయన మాత్రము మాకు ఎందుకు చెప్పవలెను?

మా అమ్మగారి సంగతి ఇంకొకటి. సాంచాలు పోయిన తరువాత ఆమె బీడీలే ఇల్లు నడిపినవి. చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని ప్రొద్దుగూకు దాక చుట్టుట, మరునాడు తీసికొనిపోతే కొన్ని కట్టలు బాగులేవని పక్కకు తీయుట. తీసినవానికి కూలి లేదు. ఎన్ని తీయవచ్చునో, తీసినప్పుడు ఎవరితో చెప్పుకొనవలెనో ఆమెకు తెలియదు. 1966లో పార్లమెంటు బీడీ కార్మికుల చట్టము చేసినది. ఆకు, తంబాకు ఇచ్చుటలోను, బీడీలు తీసివేయుటలోను తగవు వచ్చిన యెడల దానిని తీర్చుటకు అధికారి ఉండవలెనని అందులో ఉండెను. చట్టము పుట్టిన ఎన్నో ఏండ్లకు గాని ఆ మాట మా అమ్మగారి చెవిని పడలేదు. అదియు యూనియను సభకు పోయి వచ్చిన పొరుగింటి ఆమె నీళ్ళ కుళాయి వద్ద చెప్పినది. చట్టము ఢిల్లీలో ఉన్నది, మోసుకొనివచ్చినది కుళాయి. మన ఊరిలో బీడీలు చుట్టు ఆడవారు వేలకు వేలు గలరు. ఇంతమంది ఒకచోట ఉండుట వలన యూనియను సాధ్యమైనది, యూనియను వలన మాట సాధ్యమైనది. చెదరి ఉన్నవారికి ఇది కుదురదు. కనుక గుమికూడుటలో లాభము లేదని మేము చెప్పుట లేదు.

రెండేండ్ల క్రిందట పాసు మీద కోయంబత్తూరు పోయివచ్చినాము. మా పెద్ద బావగారు అక్కడ ఒక పంపుల కార్ఖానాలో పని చేయుచున్నారు. అక్కడి నాయుడుగార్లు తరతరముల క్రిందట పోయిన తెలుగువారని మీకందరికి తెలిసినదే. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, మనకు వీధిలో మరాఠీ వలె. ఊరు చూపించుచు బావగారు చెప్పిన విషయములు కొన్ని, తరువాత మేము చదివి సరిచూచుకొన్నవి కొన్ని మనవి చేసెదము.

అక్కడ మొదటి మిల్లు 1888లో స్టేన్సు దొర పెట్టినాడు, మనకంటె పదునొకండేండ్లు వెనుక. చుట్టును కంబోడియా దూది పండెను. వ్యవసాయ కళాశాల అక్కడనే ఉండుటచే విత్తనము సంగతి రైతుకు అందెను. 1930 దశకము మొదటిలో నీలగిరులలోని పైకారా నుండి కరెంటు దిగి వచ్చినది, మిల్లులు పుట్టగొడుగుల వలె లేచినవి. ఇంతవరకు ప్రకృతి, ప్రభుత్వము ఇచ్చినవి. వారు స్వయముగా చేసికొన్నవి చూడుడు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తి పంచుకొనునప్పుడు అయిదు వాటాలు వేసి, అయిదవది ధర్మమునకు పెట్టి 1926లో ట్రస్టు స్థాపించినారు. సత్రము కట్టించలేదా అని మీరు అడుగవచ్చును. వారు పనిముట్ల విద్య నేర్పు పాఠశాల పెట్టినారు. జి.డి. నాయుడుగారు, బాలసుందరము నాయుడుగారు కలిసి 1937లో మన దేశములో చేసిన మొదటి విద్యుత్ మోటారు తెచ్చినారు. నేయు ఊరు, నేత యంత్రములు చేయు ఊరైనది. పొలములకు పంపులు చేయు ఊరైనది. ఇంటింటి పిండి రుబ్బు యంత్రము కూడ అక్కడిదే.

ఇవన్నియు పెద్దల గొప్పలు. మాకు అన్నింటికంటె నచ్చినది ఒక చిన్న సంగతి. 1956లో అక్కడి మిల్లులవారు చేరి దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘము పెట్టుకొన్నారు. సిట్రా అని పిలుతురు. మిల్లులు తమ దూది ఖర్చు, నూలు అమ్మిన ధర, ఒక్కొక్క పనికి పట్టిన మనుషుల లెక్క ఆ సంస్థకు పంపును. సంస్థ వాటినన్నింటిని ఒకచోట కూర్చి మరల అందరికిని పంపును. ఏ మిల్లు లెక్క ఎదుటను పేరుండదు, సంకేత సంఖ్య ఉండును. తన సంఖ్య తనకే తెలియును. ఇరువదవ వరుసలో ఉన్న మిల్లు యజమాని, తనకంటె ముందు పందొమ్మిదిమంది ఉన్నారని చూచి రాత్రి నిద్ర పోడు. వారెవరో మాత్రము తెలియదు. ఒకరి రహస్యము ఒకరికి తెలియలేదు, అందరి సంగతి అందరికి తెలిసినది. పార్సెల్ ఆఫీసులో కూర్చుండువానికి ఇది ఎంత గొప్ప ఉపాయముగా తోచునో మీరు ఊహింపగలరు.

అయితే కోయంబత్తూరు స్వర్గమని అనుకొనవద్దు. ఆ లెక్కలు యజమానులవి. కూలివాని లెక్క ఆ పట్టికలో ఖర్చు గడిలో ఉండును. అదే ఊరి చేరువ చిన్నియంపాళయము కార్మికులు నలుగురిని 1946 జనవరిలో ఉరితీసినారు. మన ఊరివారు నలుగురు 1931 జనవరిలో స్వాతంత్ర్య పోరాటమున ఉరికంబమెక్కినారు గదా, అక్కడ ఆ నలుగురి పేర్లు విన్నప్పుడు మాకు మన నలుగురు జ్ఞాపకము వచ్చినారు. సంస్థ ఎవరు పెట్టుకొందురో సమాచారము వారికి పనిచేయును. పెట్టుకొననివారికి పనిచేయదు.

సంస్థ అన్నంత మాత్రమున చాలదని మన తాతల సీమయే చెప్పుచున్నది. సిరిసిల్లలో 2017 నుండి కొన్నేండ్లు తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరలు నేయించినది. సాంచాలకు చేతినిండ పని. 2024లో ఆ ఆర్డరు లేకపోయిన నాడు సాంచాలు ఆగినవి. కొనువాడు ఒక్కడే అయినప్పుడు, బజారు కబురు అడుగు అలవాటే తప్పిపోవును. మన బంధువులు అక్కడ ఉన్నారు, ఆ మాట వారే అన్నారు.

మన చద్దరుకు కూడ ఒక ఘనత వచ్చినది. భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో అయినది, 2003లో అమలుకు వచ్చినది. దాని కింద మహారాష్ట్రములో మొదట గుర్తింపు పొందిన సరుకు సోలాపూరు చద్దరే. ఇతర ఊళ్ళలో నేసి సోలాపూరు పేరు వేసి అమ్మువారిని ఆపుటకు అది ఆయుధము. కాని ఆ చట్టములో ఒక మెలిక ఉన్నది. ఊరి పేరు నమోదైనంత మాత్రమున సరిపోదు. నేయువాడు తాను అధీకృత వినియోగదారునిగా వేరుగా నమోదు చేయించుకొనవలెను. ఈ సభలో సాంచాలున్నవారు ఎందరు ఆ కాగితము పెట్టినారు? చేతులెత్తమని అడుగము, పండుగ పూట ఎవరిని సిగ్గుపరచము. కాని కాగితము ఎక్కడ దొరకునో తెలియనివారు సభానంతరము మమ్ము కలిసికొనుడు. నింపి పెట్టెదము, కాగితములు నింపుట మాకు వచ్చిన ఏకైక విద్య.

ఈ సందర్భములో మా శాఖ సంగతి ఒకటి. మన సోలాపూరు డివిజను 1966లో దక్షిణ మధ్య రైల్వేలో చేరి, 1977లో తిరిగి మధ్య రైల్వేలోనికి వచ్చినది. పదునొకండేండ్లు హెడ్డాఫీసు సికిందరాబాదు, అటు పిమ్మట మరల బొంబాయి. పట్టాలు ఎక్కడివక్కడనే ఉన్నవి, ఉత్తరములు పోవు దారి మారినది. ఆ రోజులలో పని చేసిన ఒక పెద్దమనిషి, ఏ కాగితము ఎటు పోవునో తెలిసినవాడే ఆఫీసులో అసలు అధికారి అనుచుండెడివారు. మేము నవ్వుకొనెడివారము. ఇప్పుడు అది నవ్వులాటగా తోచుట లేదు.

ఇక మా మనవి. ఒక వర్తకుడు ఎన్ని బేళ్ళు ఎక్కడికి పంపినాడో మరొకరికి చెప్పుట మా ఉద్యోగధర్మము కాదు. మా నాయనగారికే చెప్పము, ఆయన అడుగరు కూడ. పైగా ఇప్పుడు సరుకులో పెద్ద భాగము లారీల మీదనే పోవుచున్నది, రైలు లెక్క ఒక్కటే చాలదు. కాని కోయంబత్తూరు ఉపాయము మన సంఘమందిరములో చేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మూడు సంగతులు కావలెను. ఈ వారము ఏ నంబరు నూలు ఏ ధరకు కొన్నారు, ఏ రకము చద్దరు ఏ ధరకు వేసినారు, చద్దరుకు కూలి ఎంత ముట్టినది. పేరు వద్దు, సందు పేరు వద్దు, సావుకారి పేరు అసలే వద్దు. చీటీ మీద అంకెలు చాలును. వానిని కూర్చి, ఎక్కువ తక్కువలు చూచి, తెలుగులోను మరాఠీలోను పలకమీద వ్రాసెదము. బీడీలు చుట్టు అక్కలు, అమ్మలు వారి చీటీ వేరుగా వేయవచ్చును, ఎన్ని చుట్టినారు, ఎన్ని తీసివేసినారు.

యజమానులైన పెద్దలు ఈ సభలో ఉన్నారు. కూలి ధర పలకమీద చూచి వారికి కష్టము కలుగవచ్చును. కాని నూలు ధర పలకమీద చూచినప్పుడు వారికే ఎక్కువ ఉపకారము. చిన్న యజమాని నూలు బజారులో, మా నాయనగారు సావుకారి గడపలో నిలబడినట్లే నిలబడుచున్నాడు. దొంగ అంకెలు వేయువారుందురని కార్యదర్శిగారు భయపడినారు. ఉందురు. పది చీటీలలో ఒకటి దొంగదైతే తెలియదు గాని, వంద చీటీలైతే దొంగది తనంతట తానే పక్కన నిలబడును. కాబట్టి మొదటి నెలలలో వంద చీటీలు రాని పక్షమున పలకమీద ఏమియు వ్రాయము.

డబ్బా చేయించినాము. చెక్క పాత పార్సెల్ పెట్టెది, రైల్వేవారిది కాదు, బజారులో వెల ఇచ్చి కొన్నది, రసీదు ఉన్నది. తాళపుచెవి అధ్యక్షులవారి వద్ద ఒకటి, బీడీ పని చేయు అక్కల తరపున ఒకరి వద్ద ఒకటి ఉండును, రెండును కలిస్తేనే తెరచుకొనును. పండుగ మరుసటి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు మందిరము వాకిటి ఎడమ ప్రక్కన పెట్టెదము. మొదటి చీటీ మా నాయనగారు వ్రాసి ఇచ్చినారు, ఇప్పటి కార్ఖానాలో చద్దరుకు తమకు ముట్టుచున్న కూలి. మాకు చూపలేదు, మడతపెట్టి ఇచ్చినారు.